కచేరీ పెట్టె

మా ఇంట్లో ఎవరూ ఏ వాద్యమూ వాయించలేదు. మేము వినేవాళ్లం.

జమ్మలమడుగుకు ఎగువన, పెన్న ఒడ్డున, మాకు ఊరూ ఇల్లూ ఉన్న రోజుల్లో ఇంటి ముందు నల్లబండలు పరిచిన ఎత్తయిన అరుగు ఉండేది. ఎండాకాలంలో పద్యనాటకాలవాళ్లు వచ్చి ఆ వాకిట్లో ఆడేవారు. అరుగు మీద కుర్చీలో మా తాత కూర్చునేవాడు, ఆయన వెనక మేము. కింద చాప మీద హార్మోనిస్టు. పద్యం మనసుకు పడితే తాత చెయ్యెత్తేవాడు, నాటకం ఆగేది. ఆయన ఇచ్చిన కానుక ఏమిటో ఒకరు గట్టిగా చదివేవారు. హార్మోనిస్టు దాతకు మర్యాదగా స్వరాలను ఒక్కసారి కింది నుంచి పైకి పరుగెత్తించేవాడు. ఆగిన పద్యాన్ని మళ్లీ అక్కడి నుంచే అందుకునేవారు. ఈ పద్ధతిని చదివింపులనేవారు. నాటకం కంటే నాకు ఆ పరుగే ఇష్టంగా ఉండేది. అది మా తాత కోసం మోగిందని కాదు, ఒక మనిషి వేళ్ల కింద అంత శబ్దం దాక్కుని ఉందని.

ఒక మధ్యాహ్నం నాటకాలవాళ్లు నిద్రపోతుండగా నేను అరుగు దిగి ఆ హార్మోనియం పెట్టె మీద వేలు పెట్టాను. వెనకున్న తిత్తిని కదిలిస్తేనే గాలి పుట్టి పలుకుతుందని తెలియదు. మెట్టు లోపలికి దిగింది, శబ్దం రాలేదు. మా నాయన చూశాడు. కోప్పడలేదు. నన్ను చంకనెత్తుకుని తెచ్చి అరుగు మీద దించి, "మనం ఇనేవాళ్లమప్పా, వాయించేవాళ్లం కాదు," అన్నాడు. మనం అన్నం తింటాం, గడ్డి తినం అన్నంత మామూలుగా అన్నాడు.

ఆ అరుగు ఇప్పుడు మాది కాదు. సగం భూమి కోర్టుల్లో పోయింది, మిగిలింది ఎన్నికల్లో పోయింది. ఇంతకు మించి ఆ సంగతి రాయను. నేను ప్రొద్దుటూరులో ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మేడ మీది అద్దె ఇంట్లో ఉంటాను. ఇస్త్రీ లేని చొక్కాతో వీధిలోకి రాను. టీ అంగడి బల్ల మీద కూర్చోను. ఏ వస్తువుకూ బేరమాడను. అడిగిన ధర ఇవ్వగలిగితే ఇస్తాను, లేకపోతే నమస్కారం పెట్టి వచ్చేస్తాను. జనం దీన్ని మిడిసిపాటు అంటారు. అననీ.

రిటైరైన తరువాత, ఎవరికీ చెప్పకుండా, పులివెందుల బస్సెక్కడం మొదలుపెట్టాను. మా వాకిట్లో చాప మీద కూర్చుని వాయించిన ఆ హార్మోనిస్టు అక్కడ కూతురి ఇంట్లో ఉంటున్నాడని తెలిసింది. అప్పుడు మీసం మొలుస్తున్న కుర్రాడు, ఇప్పుడు ఆ మీసానికి వారం వారం నల్లరంగు వేసుకునే ముసలాయన. నేనెవరో చెప్పగానే నన్ను కింది నుంచి పైదాకా చూసి, "అరుగు దిగొచ్చినావా దొరా," అన్నాడు. నేను ఆయన్ను అయ్యవారూ అంటాను. ఆయన నన్ను ఈనాటికీ దొరా అనే అంటాడు. అందులో ఎంత మర్యాదో ఎంత ఎగతాళో నేను తేల్చుకోలేదు.

నేర్చుకోవడానికి ప్రొద్దుటూరులో ఒక చిన్న హార్మోనియం కొన్నాను. బడి పిల్లలు ప్రార్థనకు వాడే రకం. అంతకంటే మంచిది కొనలేక కాదు. అలాంటి ఆటవస్తువు ముందు పెట్టుకుంటే, రిటైరైన పంతులు పొద్దుపోక ఏదో నొక్కుకుంటున్నాడని చూసేవాళ్లు అనుకుంటారు. నేను కూడా అలాగే అనుకోవచ్చు. అసలైన పెట్టె కొనడమంటే నేను వాయించేవాణ్ణని ఒప్పుకోవడం. మా వంశంలో ఆ మాట ఎవరూ అనలేదు.

కొంత చెయ్యి తిరిగాక, మా వీధి చివర ఆంజనేయస్వామి గుడిలో శనివారం సాయంత్రం భజనకు వాయించడం మొదలుపెట్టాను. మండపంలో అందరూ కింద బండల మీద కూర్చుంటారు. నేను ఇంటి నుంచి ఒక టేకు పీట తీసుకుపోతాను. మా పాత ఇంటి తలుపు చెక్కతో చేయించిన పీట అది. ఎత్తు పెద్దగా ఉండదు. అయినా ఉంటుంది.

ఆ చిన్న పెట్టెలో ఒక మెట్టు పాడైంది. మేము పాడే శ్రుతిలో అది పై గాంధారం. నొక్కితే పీలగా అరిచేది. రెండుసార్లు బాగుచేయించినా మళ్లీ అరిచింది. పాట ఆ స్వరానికి ఎక్కే వేళకు నేను వేలు పైకెత్తేసేవాణ్ణి. ఆ ఒక్క అంగుళం పాడేవాళ్ల గొంతులే దాటుకునేవి. మోహన రాగంలో మాకొక భజన ఉంది, అది ఆ గాంధారం కోసమే పుట్టినట్టుంటుంది. దాన్ని కూడా అలాగే లాక్కొచ్చాం. అలవాటైపోయింది. ఒక శనివారం ఆదమరిచి ఆ మెట్టు నొక్కాను. మండపమంతా ఉలిక్కిపడింది. నా పక్కన తబలా వాయించే స్నేహితుడు, బంగారు అంగడి ఆయన, చేతులాపి పెట్టె వైపు వంగాడు.

"మామా, లోపల పిల్లి ఉండాది. దానికి ఇన్ని పాలన్నా పొయ్యి."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. తెల్లవారగానే పెట్టె తీసుకుని జమ్మలమడుగు పోయాను. అక్కడ హార్మోనియంలు చేసే ఒకాయన ఉన్నాడు.

ఆయన నా పెట్టె మూత తీసి, లోపల చూసి, మళ్లీ మూసేశాడు. "దీనికి మందు లేదు సార్. ఇది మంచిదని మీకు చెప్పినోళ్లకు మందు పెట్టల్ల," అన్నాడు. నేను వచ్చిన దారినే పోవాల్సింది. కానీ ఆ రేకుల షెడ్డులో గోడ పక్కన, పాత ధోవతి కప్పిన ఇంకో పెట్టె కనిపించింది. అదేమిటని అడిగాను.

"అది కచేరీ పెట్టె. ఒక నాటకాలాయన చేయించుకున్నాడు. ఇది తయారయ్యేలోపల ఆయన కీబోర్డుకు పోయినాడు. కరెంటు పెడితే అన్ని వాద్యాలూ దాంట్లోనే పలుకుతాయంట. వాయించి బతికేటోళ్లు ఇట్లాటివి కొనేది మానేసినారు సార్. ఇంగ కొంటే మీ మాదిరోళ్లే కొనల్ల."

"మా మాదిరోళ్లంటే?"

"ఊరికే వాయించుకునేటోళ్లు."

ఆ మాటకు నేను లేచి రావాల్సిందే. కుర్చీ లేదు కనుక నిలబడే ఉన్నాను. ఆయన ధోవతి తీశాడు. నునుపైన ముదురు టేకు. ఎక్కడా పూలూ లతలూ లేవు, రంగు అద్దాలూ లేవు. మూత మీద ఒక ఖాళీ ఇత్తడి రేకు మాత్రం ఉంది. "కూర్చోండి," అన్నాడు. వాయించాలంటే బండ మీద కూర్చోవాలి. కూర్చున్నాను.

తిత్తికి అరచేయి ఆనించానో లేదో, ఇంకా నొక్కనే లేదు, వేలి కింద ఒక స్వరం మొదలైంది. మొదలైందని తెలిసేలోపే అది షెడ్డు నిండా ఉంది. నా పెట్టె శబ్దం ఎప్పుడూ పెట్టెలో నుంచి వచ్చేది, ఎక్కడి నుంచి వస్తోందో వేలు పెట్టి చూపించవచ్చు. దీనికి ఆ చోటు లేదు. నా ఎదుట ఉంది, వెనక ఉంది. కిటికీలో పెట్టిన అల్యూమినియం గ్లాసు సన్నగా వణికింది. అంతకంటే వింత, బండలో నుంచి నా చీలమండల్లోకి, అక్కడి నుంచి మోకాళ్లలోకి ఆ స్వరం ఎక్కి వస్తోంది. వినడమనేది చెవులతో చేసే పని అని అరవై ఏళ్లు నమ్మినవాణ్ణి. వేలు తీశాను. శబ్దం తెగిపోలేదు. పెద్దమనిషి గదిలో నుంచి వెళ్లిపోయినట్టు వెళ్లింది, నెమ్మదిగా, తలుపు చప్పుడు చెయ్యకుండా.

చేసినాయన బీడీ వెలిగించుకున్నాడు.  

రెండు దమ్ములు పీల్చి అన్నాడు. "ఇంటికి తీస్కపోండి. ఉగాది లోపల చెప్తే చాలు. బళ్లారి పక్క నుంచి ఒక నాటక కంపెనీ అడుగుతాంది. మీరొద్దంటే వాళ్లకిచ్చేస్తా."

కంపెనీకి పోవాల్సిన వస్తువు నా అద్దె ఇంట్లోకి వచ్చింది. బల్ల మీద పెట్టి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. సాయంత్రం దాకా తాకలేదు. మా ఇంటావిడ రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, "చుట్టం ఇంటికొచ్చినట్ల చూస్తాండారు. తాకండి, కరవదులే," అంది.

తాకాను. కానీ శనివారం భజనకు దాన్ని తీసుకుపోలేదు. పాతదే పట్టుకుపోయాను. మర్నాడు తబలా స్నేహితుడికి ఎలా తెలిసిందో, మేడెక్కి వచ్చాడు. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగాడు, నగ చూసినట్టు వంగి చూశాడు. నేను ఒక స్వరం పలికించాను. ఆయన ముఖంలో నవ్వు పోయింది. కాసేపటికి కుర్చీలో కూర్చుని తల అడ్డంగా ఊపాడు.

"శానా గొప్పగా ఉంది మామా. ఎనక్కిచ్చెయ్."

"ఎందుకు?"

"మేలిమి బంగారంతో గాజులు చేస్తామా? చెయ్యం. వంగిపోతాయి. దినామూ ఏసుకునేదానికి రవ్వంత రాగి కలపల్ల. మనది శనివారం భజన. స్వామి ఏమన్నా మార్కులేస్తాడా మనకు?"

"తప్పు వాయిస్తే నాకు తెలుస్తుంది కదా."

"అదే చెప్తాండా నేను. ఇప్పుడు తప్పొస్తే పిల్లి మీదికి తోసేస్తాండాం. ఇది పెట్టుకుంటే పిల్లి యాడుంటాది? తప్పులన్నీ నీవే. ఈ వయసులో నీకు అవసరమా?"

ఆయన తమాషాకే అన్నాడు. టీ తాగి వెళ్లిపోయాడు. నేను మాత్రం ఆ పూట పెట్టె మూత తెరవలేదు. ఆయన అన్నదాంట్లో అబద్ధం ఎక్కడుందో వెతికాను, దొరకలేదు. పాత పెట్టె నన్ను కాపాడుతోంది. నేను ఎంతవాణ్ణో నాకు తెలియకుండా కాపాడుతోంది. వాయించేవాణ్ణి కాదు, ఊరికే వాయించుకునేవాణ్ణి అని చెప్పుకోవడానికి దాని అరుపే నాకు సాక్ష్యం. దాన్ని వదిలితే నాకు దాక్కునే చోటు లేదు. వదలకపోతే, ఆ బండలో నుంచి మోకాళ్లలోకి ఎక్కిన స్వరం బళ్లారి పోతుంది. ఉగాది దగ్గర పడుతోంది.

అయ్యవారిని అడుగుదామని పెట్టెతో సహా పులివెందుల బస్సెక్కాను. బస్సు పైన వేస్తామన్నారు, ఒప్పుకోలేదు. నా పక్క సీటులో పెట్టుకుని దానికి కూడా టికెట్ అడిగాను. కండక్టరు నన్నూ దాన్నీ మార్చి మార్చి చూశాడు.

"పెద్దదా, చిన్నదా సార్?"

"ఫుల్ టికెట్టే ఇవ్వు."

"యాడ దిగుతాది?"

"నేను దిగిన తావే."

వెనక సీటు ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వేంపల్లెలో జనం ఎక్కి బస్సు కిక్కిరిసింది. చీనీకాయల సంచితో ఒకావిడ వచ్చి, కూర్చున్న పెట్టెను చూసి, "ఇదేమన్నా నిలబడలేదా," అంది. నేను లేచి ఆమెకు నా సీటిచ్చి నిలబడ్డాను. పులివెందుల దాకా పెట్టె కూర్చునే వచ్చింది.

నేను పెట్టె మీది గుడ్డ విప్పుతుండగానే అయ్యవారు మంచం మీద నుంచి దిగాడు. "ఎవరిది?" అన్నాడు. కథ చెప్పాను. కచేరీ పెట్టె నాలాంటివాడు కొనవచ్చునా అని అడిగాను. ఆయన కింద కూర్చున్నాడు. "వాయించు ముందు. ఆ మోహన భజన."

వాయించాను. పల్లవి బాగానే పోయింది. పాట పైకెక్కింది, దిగింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"యాడ పాయ?"

"ఏది?"

"గాంధారం."

నేను పెట్టె వైపు చూశాను. ఆ మెట్టు చక్కగా ఉంది. వేరుగా నొక్కితే తేనెలా పలికింది. మళ్లీ పాట ఎత్తుకున్నాను. మళ్లీ అక్కడికి రాగానే, నేను చూస్తుండగానే, నా వేలు దానంతట అదే పైకి లేచింది. ఎవరో దారం కట్టి లాగినట్టు. పాటలో ఒక చిల్లు. ఇంకోసారి, పళ్లు బిగించి. వేలు లేచింది. కుంటివాడి చెప్పులు మార్చినా నడక మారనట్టు, ఆ అరిచే మెట్టు నా చేతికి నేర్పిన కుంటితనం ఈ మంచి పెట్టె మీద కూడా కుంటుతోంది. పాత పెట్టెలో ఉన్నంతకాలం అది నాకు వినిపించలేదు.

"చూసినావా," అన్నాడు అయ్యవారు. "పెట్టె మార్చినావు గానీ, పాతది నీ చేతిలోనే ఉండాది. ఇంగో రెండేండ్లు దాని మీదే వాయించింటే ఇంగ పోదు అది."

"మీరు జీవితమంతా పాత పెట్టెల మీదే కదా వాయించింది. అంత గొప్పగా వాయించారు."

ఆయనకు పొగడ్త ఇష్టం. మీసం సవరించుకున్నాడు. "వాయించినా. కంపెనీ పెట్టెలు, అన్నీ గాలి కారేటివే. ఒకదాంట్లో రిషభం లేదు, ఒకదాంట్లో ధైవతం మూలుగుతాది. పక్క స్వరం మీద నుంచి జారి ఎట్ల దాటల్లనో, పాడేటోని గొంతు కింద ఎట్ల దాపెట్టల్లనో నాకు తెలుసు. నేర్చుకున్న ఇద్దెలో సగం దాపెట్టేదానికే సరిపాయ. నీకు దాపెట్టను రాదు దొరా. రాదు గాబట్టే మంచి పెట్టె నాకంటే నీకే కావల్ల."

మంచి వాద్యం గొప్పవాళ్లకే అని ఊరంతా అనుకుంటుంది, నేనూ అనుకున్నాను. ఆయన దాన్ని తలకిందులు చేసి నా ముందు పెట్టాడు. నేనింకా ఆ మాట దగ్గరే ఉండగా ఆయన పెట్టెను తన వైపు తిప్పుకున్నాడు.

ఎడమచేత్తో తిత్తిని బలంగా కొట్టాడు. ఆరుబయట వందలమందికి వినిపించాలని యాభై ఏళ్లు కొట్టిన కొట్టుడు. పెట్టె గర్జించింది. గోడ మీది క్యాలెండరు లేచి పడింది. వంటింట్లో నుంచి కూతురు తల బయటపెట్టి, "ఏంది నాయనా, బస్టాండు దాకా ఇనిపిస్తాంది," అంది.

అయ్యవారు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కాలిన చేతిని చూసినట్టు చూసుకున్నాడు. తరువాత చాలా నెమ్మదిగా, పసిబిడ్డ వీపు మీద చెయ్యి వేసినట్టు, తిత్తి మీద వేళ్లు ఆనించాడు. నొక్కలేదు. పెట్టె పలికింది. ఊపిరంత. ఆయన కనుబొమలు పైకి లేచాయి. ఇంకా తగ్గించాడు. అయినా పలికింది. గాలి కారే పెట్టెలో అంత తక్కువ గాలికి మెట్టు మూగబోతుంది. ఇక్కడ మూగబోలేదు.

తరువాత ఆయన వాయించినది మోహన అని నాకు తెలుసు. అంతకు మించి ఏం చెప్పాలో తెలియదు. చిన్నప్పుడు మా వాకిట్లో విన్న పరుగు కాదది. ఆయన ఎక్కడికీ పరుగెత్తలేదు. ఒక్కొక్క స్వరం దగ్గర ఆగి, దాన్ని తగ్గించి, ఇంకా తగ్గించి, అది ఎంత చిన్నదైతే ఇక లేదో అక్కడిదాకా పోయి చూసి వస్తున్నాడు. వీధిలో ఆటోలు పోతున్నాయి. కుక్కరు కూత పెట్టింది. వాటన్నిటి కింద, వాటికి తగలకుండా, ఆ సన్నటి స్వరం నడుస్తోంది. గండికోటలో లోయ అంచున నిలబడి, అంత కింద పెన్న నీళ్లు చప్పుడు లేకుండా కదలడం చూసినప్పుడు నాకు వెనక్కి అడుగు వెయ్యాలనిపించలేదు ఒకసారి. ఆ గదిలో, ఒక ముసలాయన వేళ్ల ముందు, అదే అంచున ఉన్నాను. ఆయన ఆపాడని, కుక్కరు కూత మళ్లీ వినిపించినప్పుడు గానీ తెలియలేదు.

"ఇంత మెల్లగా వాయించొచ్చని నాకు తెలీదు," అన్నాడు అయ్యవారు. నాతో కాదు. పెట్టెతో అన్నాడు.

అప్పుడు నేను చేసినది మా ఇంటివాళ్లు మాత్రమే చేసే పని. లేచి నిలబడ్డాను. భుజం మీది ఉత్తరీయం తీసి రెండు చేతుల్లో పట్టుకున్నాను. నా గొంతు మా తాత గొంతులా మారిపోయింది. "అయ్యవారూ, ఈ పెట్టె మీది. కొని మీకే సమర్పిస్తున్నాను," అన్నాను. అంటుంటే నాకు గొప్పగా అనిపించింది. అరుగూ, కుర్చీ, ఎత్తిన చెయ్యీ అన్నీ ఒక్క క్షణం తిరిగొచ్చాయి.

ఆయన కళ్లెత్తి చూశాడు. పెద్దగా ఆశ్చర్యపోలేదు.

"కూర్చోప్పా. మీ తాత మాదిరి నిలబడాకు."

నేను నిలబడే ఉన్నాను.

"మీ తాత నాకు జరీ అంచు శాలువా కప్పినాడు. దొడ్డ మనిషి. ఆ దినం నా పెట్టె ఎట్ల కారతాందంటే, మోకాలు అడ్డం పెట్టి వాయిస్తాండా. పెట్టె బాగు చేయించుకునేదానికి దుడ్లియ్యండి సామీ అని అడగల్లనుకుంటి. శాలువా కప్పినంక ఇంగేం అడుగుతా? అరుగు మీదికి ఇనపడల్యా ఆ గాలి కారేది. కింద కూర్చున్నోనికే ఇనిపిస్తాది."

చేతుల్లో పట్టుకున్న ఉత్తరీయం కిందికి దించాను.

"ఆయన ఇచ్చినాడంటే, ఆయనకు వాయించను రాదు గాబట్టి ఇచ్చినాడు. నువ్వు ఇచ్చేస్తే శనివారం ఏం వాయిస్తావు? ఆ పిల్లినా? నాకిచ్చి, అయ్యవారికి సమర్పించినానని చెప్పుకుని, మళ్లా పిల్లి ముందర కూర్చుంటావు. ఇచ్చేస్తే నీకు పేరు. ఉంచుకుంటే నీకు పని. అందుకే ఇస్తాండావు."

"మీకు వద్దా ఇది?" అన్నాను. నా గొంతు మళ్లీ నాదైంది.

ఆయన టేకు మీద అరచేయి వేసి నిమిరాడు. "యాల వద్దు? శానా కావల్ల. నువ్వొచ్చినప్పుడంతా తీస్కరా. నీ పాఠం అయినంక నేను రవ్వంతసేపు వాయించుకుంటా. టికెట్టు దానికి నువ్వే తీస్తివి గదా." అప్పుడు నవ్వాడు. "ఇంగ కూర్చో. గాంధారం ఒకటే వాయించు. పాట వద్దు. వేలు తీయాకు, నేను చెప్పేదాకా."

కూర్చున్నాను. ఉత్తరీయాన్ని మడిచి పక్కన పెట్టాను. ఆ ఒక్క మెట్టు నొక్కి పట్టుకున్నాను. మొదట వేలు ఎగిరిపోదామని చూసింది. ఆయన తన వేలు నా వేలి మీద పెట్టి నొక్కి ఉంచాడు. ఇన్నాళ్లూ నేను దూకి దాటిన చోట ఇంత విశాలమైన నేల ఉందని అప్పుడు చూశాను. లోపలికి పోయేకొద్దీ ఇంకా ఉంది.

జమ్మలమడుగు పోయి పెట్టె నాకు కావాలని చెప్పాను. డబ్బు సంగతి రాయను, బేరమాడలేదు. చేసినాయన ఇత్తడి రేకు తుడుస్తూ, "దీని మీద ఏ కంపెనీ పేరు కొట్టమంటారు? ఎవరు వాయిస్తారో వాళ్ల పేరు కొట్టేది వాడుక," అన్నాడు.

"కంపెనీ లేదు. నేనే వాయిస్తా."

ఆ మాట బయటికి వచ్చాక ఆ షెడ్డు రేకులు అలాగే ఉన్నాయి. రోడ్డు మీద లారీ పోయింది. మా నాయన ఎక్కడి నుంచీ నన్ను ఎత్తుకుపోవడానికి రాలేదు. నేను వెనక్కి తిరిగి చూడకుండా నా పేరు చెప్పాను.

శనివారం కచేరీ పెట్టె మండపంలోకి వచ్చింది. పీట ఇంట్లోనే ఉండిపోయింది. మరిచిపోలేదు, ఆ స్వరం బండలో నుంచి రావాలంటే మధ్యలో చెక్క ఉండకూడదు. నేను నల్లబండ మీద కూర్చుంటుంటే తబలా స్నేహితుడు చూసీ చూడనట్టు సుత్తితో తబలా అంచు కొట్టుకున్నాడు.

మోహన భజన ఎత్తుకున్నారు. పాట పైకి ఎక్కుతోంది. ఆ చోటును ఇన్నాళ్లూ గొంతులతోనే దాటిన జనం ఎప్పటిలాగే గొంతు పెంచారు. నా వేలు లేవబోయింది. నొక్కాను. ఆలస్యమైంది, తాళానికి కొంచెం వెనక పడింది, కానీ పలికింది. పాడేవాళ్లలో కొందరి గొంతులు ఆగిపోయాయి. చీకట్లో మెట్టు లేదనుకుని అడుగు వేయబోతే కాలికి మెట్టు తగిలినట్టు. ఒక్క క్షణం మండపంలో ఆ గాంధారం ఒకటే ఉంది. తరువాత ఒక్కొక్కరే మళ్లీ దాని మీదికి ఎక్కారు.

హారతి అయ్యాక స్నేహితుడు తబలాలు గుడ్డలో చుడుతూ నా వైపు చూడకుండా అన్నాడు.

"పిల్లి పాయ మామా."

"పాయ."

"తాళం తప్పినావు ఆడ."

"తప్పినా. అది నేనే."

ఆయన మూట ముడి బిగించాడు. "ఇంగోసారి పలికించు దాన్ని," అన్నాడు. "పాట వద్దు. ఊరికే."

పలికించాను. ఆయన తబలాల మూట పక్కన పెట్టి, అరచేయి బండ మీద ఆనించి, కళ్లు మూసుకున్నాడు.